షాజియా చూపించమన్న దెబ్బ

మగ్గాల చప్పుడు తప్ప మరోటి వినబడని మా వీధిలో ఇంగ్లీషును స్పానిష్‌లోకి మార్చి బతికే మనిషి ఉందంటే గద్వాలలోనే చాలామంది నమ్మరు. షాజియా మా పక్కింటి కుల్సుమ్‌బీ కూతురు. హైదరాబాదులో చదువుకుంటూ ఆ భాష నేర్చింది. పొలం యంత్రాలు చేసే ఏదో కంపెనీ కోసం, చేతులు తెగకుండా కాళ్లు నలగకుండా వాటిని ఎట్లా వాడాలో చెప్పే పుస్తకాలను ఇంట్లో కూర్చుని తిరగరాస్తుంది. "యాడనో ఉన్న రైతుల చేతులు కాపాడుతది గని, పొయ్యి మీద కూర మాడుతుంటే సూడది" అని వాళ్లమ్మ తిట్టేది.

నా పేరు నర్సమ్మ. చీరలు నేస్తాను. ఆ పిల్ల పనిలో నాకూ వంతు పడింది. ఇంగ్లీషులో స్ట్రైక్ అని ఒక మాట ఉందట. మనిషి కొట్టినా అదే, పిడుగు పడినా అదే, అగ్గిపుల్ల గీసినా అదే, కూలీలు పని బంద్ పెట్టినా అదే. స్పానిష్‌లో ఒక్కోదానికి ఒక్కో మాట. తప్పు మాట రాస్తే అక్కడెవరికో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే జరిగేది కళ్లతో చూడందే షాజియా రాయదు. "అక్కా, జర లేచి నిలబడు. ఈ కడ్డీ ఎనక్కి తన్నితే నీకు యాడ తగుల్తది? చూపియ్యి" అనేది. నేను కిందపడేదాన్ని, చెయ్యి ఇరుక్కున్నట్టు అరిచేదాన్ని, ఒకటి రెండుసార్లు చచ్చాను కూడా. ఈ వయసులో నీకు డ్రామాలేందే అని మా ఆయన నవ్వేవాడు.

మా ఎదురింట్లో మాత్రం డ్రామా కాదు. రాఘవేందర్ ఊరవతల భూమి కౌలుకు తీసుకుని విత్తన పత్తి వేసేవాడు. మొగ్గలు విప్పి, పువ్వుకు పువ్వు రుద్ది క్రాసింగ్ చేసే పనంతా అతని భార్య మానసదే. ఒక సాలు మరిచిపోయిందని చేనులోనే తన్నాడు. కూర చల్లారిందని గిన్నె ముఖాన విసిరాడు. జుట్టు పట్టి గోడకేసి కొడుతుంటే ఆ చప్పుడుకు నా మగ్గం ఆగిపోయేది. మేం పరుగున పోయి తలుపు బాదితే, నవ్వుతూ తీసి "ఏం లేదక్కా" అనేవాడు. వాని చేతులు పడిపోను, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మొన్నటి వానాకాలం మానస కుడి చెయ్యి విరిగింది. దవాఖానకు నేనూ షాజియా తీసుకుపోయాం. జాకెట్టు విప్పితే వీపంతా నల్లగా కమిలి ఉంది. ఎవరడిగినా "దర్వాజ తగిలింది" అనే చెప్పింది. కట్టు కట్టించుకుని మా ఇంట్లో పడుకుంది. రెండోరోజే రాఘవేందర్ పెద్దమనుషులను కూర్చోబెట్టాడు, పెళ్లాన్ని పంపమని. ఈసారి ఆ గడప తొక్కితే మానస శవమై తప్ప బయటికి రాదని మా వీధిలో అందరికీ తెలుసు. అయినా అందరూ పంచాయితీకి తయారయ్యారు.

బుచ్చన్న ఇంటి ముందు రేకుల కింద పంచాయితీ. కట్టు కట్టిన చేత్తో మానస నా పక్కనే కూర్చుంది. బుచ్చన్న రాఘవేందర్ వాళ్ల కులపెద్ద. సంసారాలు అతికించడంలో తనంతటోడు లేడని ఆయన నమ్మకం.

"కాలు జారింది. దర్వాజకు కొట్టుకున్నది" అన్నాడు రాఘవేందర్.

"పిల్ల గూడ గదే అంటున్నది గద. తీస్కపో, మంచిగ సూస్కో" అన్నాడు బుచ్చన్న.

షాజియా లేచింది. "పెద్దనాయనా, జర ఆగుండ్రి. ఎట్ల పడ్డదో చూపియ్యమనుండ్రి."

"గిది నీ కంప్యూటర్ పని గాదు" అన్నాడు రాఘవేందర్.

"సూపియ్యరాదురా, నీకేం భయం?" అన్నాడు బుచ్చన్న. న్యాయం చేస్తున్నట్టు కనబడటం ఆయనకు ఇష్టం.

షాజియా పోయి స్తంభం ముందు నిలబడింది. "ఇది దర్వాజ. నేను మానస. ఏ దిక్కు పడ్డ?"

"ముంగటికి. గిట్ల."

"ముంగటికి పడితే వీపు మీద వాతలెట్లొచ్చినయి? మల్ల చూపియ్యి."

"ఎనక్కి పడ్డది."

"ఎనక్కి పడితే దర్వాజ యాడికి పోయింది? మల్ల చూపియ్యి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే నలుగురు నవ్వారు. రాఘవేందర్ ముఖం నల్లబడింది. బాధ ఓర్చుకుంటాడేమో కానీ నవ్వు ఓర్చుకునే జాతి కాదది. గోడకు ఆనించి ఉన్న పార అందుకున్నాడు. "గిట్ల! గిట్ల!" అంటూ దాని కర్ర కామను తిప్పి కొట్టాడు. షాజియా చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు మా అందరికీ వినబడింది. తిరిగి పడబోతే వీపు మీద రెండోది పడింది. మూడోది పడకముందే మగవాళ్లు మీదపడి వాణ్ణి నేలకేసి తొక్కారు. మూతి పగిలింది. నేను చెప్పు తీసి ఇంకో నాలుగు అంటించాను. నాకేం పశ్చాత్తాపం లేదు.

బుచ్చన్న ఇదంతా కళ్లారా చూశాడు. అయినా బుద్ధి మారలేదు. "కోపంల జరిగింది. ఈ పిల్లకు మాఫీ అడిగిపిద్దాం. గది వేరే, మొగడు పెళ్లాల ముచ్చట వేరే" అన్నాడు.

అప్పుడు లేచింది మానస. వాళ్లిళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. దవాఖానలో నర్సు మొగుడి పేరు అడిగితే కూడా ఆమె నా వైపు చూసింది, నేనే చెప్పాను.

"వేరే గాదు" అంది. "నన్ను గూడ పారకామతోనే కొట్టిండు. ఎనకనుంచి. కింద పడ్డంక గూడ కొట్టిండు. దర్వాజ గాదు, రాఘవేందర్. రాఘవేందరే కొట్టిండు. నేను పోను."

మానస ఎడమ చేత్తో షాజియాను లేపింది. నేను ఆటో ఆపాను.

"ముందు దవాఖానకు పోనియ్యన్నా. అక్క చెయ్యి సూడు" అంది మానస డ్రైవరుతో.

షాజియా పెదవి కొరుక్కుని నొప్పి మింగింది. "ముందు పోలీస్ టేషన్‌కు" అంది. "దవాఖాన్ల కూసుంటే పెద్దమనుషులు రాజీ చెయ్యనీకి ఆడికి గూడ వస్తరు."