నీటివెండి

ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి పాదరసం అక్క అంటారు. బీపీ మిషన్లు బాగుచేయడం ఆవిడ ఉద్యోగం. వాటిలో ఉండేది పాదరసమే కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్త నర్సులు అనుకుంటారు. పాతవాళ్లకు అసలు సంగతి తెలుసు. చేరిన కొత్తల్లో ఆవిడ కాలు ఒక్కచోట నిలిచేది కాదు; ఈ వార్డులో పిలిస్తే ఆ వార్డులోంచి పలికేది. ఇప్పుడు మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతుంది. ఎవరైనా చూస్తే గోడమీది నోటీసు చదువుతున్నట్టు నటిస్తుంది.

ఆసుపత్రివాళ్లు పాదరసం మిషన్లు మానేసి బ్యాటరీతో నడిచేవి తెప్పించారు. పాతవి పోగుచేసే పని అక్క నెత్తినే పడింది. తన చేత్తో గాజుగొట్టాలు మార్చి బతికించుకొచ్చినవన్నీ తోపుడుబండిలో పేర్చుకుంటూ మగవాళ్ల వార్డుకు వచ్చేసరికి నడుం పట్టేసింది. వంగి లేవబోతే, పైనున్న మిషను జారి భళ్లున పగిలింది. పాదరసం బొట్లుబొట్లుగా మంచాల కిందికి పరుగెత్తింది.

“ఎవరూ కాళ్లు కింద పెట్టకండి! కిటికీలు తెరవండి!” అని అరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, రెండు అట్టముక్కలతో బొట్లను ఒకచోటికి తోయసాగింది. మెల్లగా తోస్తే కలిసేవి. కాస్త విసురుగా తోస్తే మళ్లీ చెల్లాచెదురు.

కిటికీ పక్క మంచంమీద కాలికి కట్టుతో ఒక ముసలి మాస్టారున్నాడు. పాత భాషలు చెప్పి రిటైరైనవాడు. మాట్లాడే మనిషి కోసం మొహంవాచి ఉన్నాడు.

“దీన్ని గ్రీకులు ఏమనేవాళ్లో తెలుసా అమ్మా? హ్యుడ్రార్గ్యురోస్. హ్యుడోర్ అంటే నీరు, ఆర్గ్యురోస్ అంటే వెండి.”

“నీటివెండన్నమాట,” అంది అక్క మంచం కిందనుంచే.

“అదే! ఆ ఆర్గ్యురోస్ కూడా తెల్లగా మెరవడం అన్న మాటలోంచి పుట్టిందే. సైన్సు పుస్తకాల్లో పాదరసానికి హెచ్‌జీ అని గుర్తు రాస్తారు చూడు, అదీ ఈ పేరు చలవే.”

“మెరుపు చూసి మురిసిపోయినట్టున్నారు. ఆ పేరు పెట్టినాయన దీన్ని ఎప్పుడూ నేలమీంచి ఎత్తి ఉండడు మాస్టారూ.”

మాస్టారు పకపకా నవ్వి, కట్టు కదిలి “అబ్బా” అన్నాడు. అక్క కూడా “అబ్బా” అంటూనే లేచింది.

ఆఖరి బొట్టు సీసాలోకి ఎక్కించి మూత బిగిస్తుంటే సూపర్‌వైజరు వచ్చాడు. “అక్కా, కొత్తవి పాడైతే కంపెనీకి పంపడమేనట. రేపట్నుంచి నువ్వు దుప్పట్ల గదిలో ఉండాలి.”

ఏడుపొస్తుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది. రాలేదు. “అక్కడ కుర్చీ ఉందా?” అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి భర్తతో, “నీటివెండి వెళ్లిపోయిందండీ,” అంది. ఆయన వ్యాను డ్రైవరు. అప్పుడే నడుం వాల్చాడు.

“వెండా? నా మొలతాడా? బీరువా తాళం వేశావా లేదా?” అంటూ లోపలికి ఉరికాడు.

నవ్వు ఆగక అక్కకి కళ్లనీళ్లొచ్చాయి. పిలిచి విడమరిచి చెప్పే ఓపిక లేక, ఆయన సొరుగులన్నీ బోర్లించి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

దుప్పట్ల గదిలో కుర్చీ ఉంది, ఒక కాలు కాస్త పొట్టిది. మొదట్లో చేతులు ఊరికే ఉండలేక మడతపెట్టినవే మళ్లీ మడతపెట్టేది. ఒక మధ్యాహ్నం, ఇస్త్రీ వేడి ఇంకా ఆరని దుప్పట్లమీద తల ఆనించి నిద్రపోయింది. దుప్పట్ల కోసం వచ్చిన నర్సు కావలసినవి తనే తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.