మరదలు అడిగిన మక్కరొట్టె

మక్కల విషయంలో నాకు కొంచెం పొగరు. కరీంనగర్ పక్కన మక్కచేల మధ్య పుట్టి పెరిగినదాన్ని. లేత కంకిని నిప్పుల మీద ఎంతసేపు తిప్పాలో, గింజ ఎంత ముదిరితే గారెలకు పనికొస్తుందో, గటక ఎప్పుడు పొయ్యి మీంచి దించాలో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, దానికి మక్కరొట్టె కావాల్నట. ఇంకేం ముట్టనంటాంది" అని బావురుమన్నప్పుడు నేను నవ్వేశాను.

"గింతేనా? గింత దానికి ఏడుస్తవేందిరా? పొద్దున్నే వస్త" అన్నాను.

"అది" అంటే వాడి భార్య, నా మరదలు. మెక్సికో పిల్ల. ఇద్దరూ ఇక్కడ బ్రెమెన్‌లోనే విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజినీర్లు. ఆఫీసు క్యాంటీన్‌లో చప్పటి బంగాళాదుంపలు ఎదురెదురుగా కూర్చుని తిని తిని, ఆ కష్టంలోనే ఒకరికొకరు దగ్గరయ్యారని నా అనుమానం. ఆ పిల్లకు తెలుగు నేర్పింది మేమిద్దరమే కాబట్టి దానికి మా యాసే పట్టుబడింది. "మంచిగున్నరా" అని అది వీడియో కాల్‌లో పలకరిస్తే మా మేనత్తలు మురిసి ముక్కలైపోతారు.

అప్పుడు దానికి మూడో నెల. వేవిళ్లంటే అలాంటిలాంటి వేవిళ్లు కావు. అన్నం ఉడికే వాసన పడదు, పోపు పడదు, ఫ్రిజ్ తలుపు తెరిస్తే పడదు, చివరికి మంచినీళ్లు కూడా లోపల నిలవడం లేదు. చెంపలు లోపలికి పోయాయి. ఉంగరం వేలికి నిలవక తీసి పక్కన పెట్టేసింది. పోయిన టెర్మిన్‌లో, అదే అపాయింట్‌మెంట్‌లో, డాక్టరమ్మ బరువు చూసి, వచ్చే టెర్మిన్‌కు ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కించక తప్పదని చెప్పి పంపింది. ఆసుపత్రి మాట వినగానే ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుందట. అప్పటి నుంచి మా వాడు చేతిలో ప్లాస్టిక్ బేసిన్‌తో దాని వెనకాలే తిరుగుతున్నాడు.

కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారుతుందని మా వైపు అంటారు. ఇలాంటివి నేను నమ్మను. నమ్మకపోయినా పాటిస్తాను. ఎందుకొచ్చిన గొడవ?

ఇండియన్ షాపులో దొరికే మక్కపిండి తీసుకుపోయి, వేడినీళ్లు పోసి కలిపి, అచ్చం జొన్నరొట్టె చేసినట్టే అరచేత్తో తట్టి కాల్చాను. అంచు కూడా పగలకుండా గుండ్రంగా వచ్చింది. పళ్లెంలో పెట్టి తెచ్చి దాని ముందు పెట్టాను. అది లేచి కూర్చుని, రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత మెల్లగా కిందపెట్టింది.

"మంచిగుంది వదినా. గానీ ఇది గాదు" అంది. కళ్లలో నీళ్లు. నన్ను బాధపెట్టినందుకో, రొట్టె దొరకనందుకో తెలియదు. నిజం చెప్పొద్దూ, నాకు రోషం వచ్చింది. మక్కరొట్టె మక్కరొట్టె కాకపోవడమేమిటి?

ఆ రోషంతోనే వేట మొదలుపెట్టాను. ముందు ఊళ్లో మెక్సికన్ రెస్టారెంట్ అని బోర్డు ఉన్నచోటికి ముగ్గురం వెళ్లాం. గోడల నిండా పెద్ద పెద్ద టోపీలు, ముళ్లచెట్ల బొమ్మలు. రొట్టె గోధుమపిండిది. దాని మీద డబ్బాలోని తీపి మక్కగింజలు చల్లి, టమాటా జామ్ లాంటిదేదో పోసి, చీజ్‌తో కప్పెట్టి తెచ్చారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. ఆ పిల్ల పళ్లెం వంక చూసి, కోటు వేసుకుంది. నాకు దాని బాధ అప్పుడు అర్థమైంది. ఏటా మా ఆఫీసు విందులో పసుపురంగు తియ్యటి గంజిని నా ముందు పెట్టి, "మీ కర్రీ!" అని మురిపెంగా చూస్తారు. ఆ మురిపెం కాదనలేక నేను ఏటా మింగుతాను. అది మింగలేకపోయింది, అంతే తేడా.

సూపర్‌మార్కెట్లో మెక్సికో పేరున ఒకే ఒక అర. అందులో దొరికే రొట్టెలు నెలలు గడిచినా పాడవవు. పాడవని రొట్టె రొట్టె అవుతుందని నేననుకోను. ఆ తర్వాత మా వాడు ఆన్‌లైన్‌లో అసలైన మెక్సికో పిండే తెప్పించాడు. ఆ పిల్ల ఆశగా తనే లేచి కలుపుకుంది. మామూలు రోజుల్లో ఆ పిండితోనే బంగారంలా చేసుకుని తినేదట. ఇప్పుడు ముద్ద చేతిలోకి తీసుకోగానే, "డబ్బా వాసనొస్తాంది" అంటూ బాత్రూమ్‌లోకి పరిగెత్తింది. కడుపుతో ఉన్న మనిషి ముక్కుతో ఎవరు వాదిస్తారు?

ఇంతా చేసి, బ్రెమెన్ దాటి ఏ దిక్కు రైలెక్కినా కిటికీ బయట మక్కచేలే. మనిషి మునిగేంత ఎత్తున, పచ్చగా, కంకులేసుకుని. అంతా ఆవుల మేతకట, గ్యాస్ తయారీకట. మనుషులు తినే రకం కాదట. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టుంది నా పని.

చివరికి వాళ్ల అమ్మతోనే మాట్లాడదామన్నాను. మాకు మధ్యాహ్నం, ఆమెకు అప్పుడే తెల్లవారింది. వీడియోలో ఆమె వంటగది కనిపించింది. ఆమె చెబుతుంటే మరదలు పడుకునే తెలుగులో చెప్పింది. ఆమె మొట్టమొదట అన్న మాట, కోరిక తీరకపోతే బిడ్డ నోరు తెరుచుకుని పుడుతుందని. ఆ మాటతో ఆమె మీద నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది. చెవికి మేము, నోటికి వాళ్లు. మనిషి మాత్రం ఒకటే.

రెండో మాట విని మాత్రం నేను అడిగిందే మళ్లీ అడిగాను.

"ఏమేస్తరట?"

"సున్నం."

"సున్నమా? గోడలకేసే సున్నమా?"

"గోడకు గాదు వదినా, తినేది. మక్కలు సున్నం నీళ్లల్ల ఉడకవెట్టి, రాత్రంత అట్లనే ఉంచుతరు. పొద్దుగాల పొట్టు దీసి రుబ్బుతరు. పిండి గాదు, పచ్చిముద్ద. దాంతోని జేసిందే తోర్తియా."

మక్కలు నాకే తెలుసనుకున్న నాకు, ఈ సంగతి ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు. మేం సున్నం తమలపాకుకు రాస్తాం, వాళ్లు మక్కలకు పట్టిస్తారు. తమలపాకు గుర్తుకు రాగానే దారి దొరికింది. స్టేషన్ వెనక ఆసియా షాపులో ఆకులూ వక్కలూ అమ్ముతారు. అక్కడే తినే సున్నం పొడి దొరికింది. రెండు వీధుల అవతల ఆఫ్రికా వాళ్ల షాపులో ఎండిన తెల్లమక్కలు, గింజలు గింజలుగా, సంచులకొద్దీ ఉన్నాయి. మెక్సికో వంటకు కావలసినవి మెక్సికో అని రాసి ఉన్న చోట తప్ప అన్నిచోట్లా దొరికాయి. ఆ సంచీ భుజాన వేసుకుని ట్రామ్‌లో కూర్చుంటే నాకు పెళ్లివారి సరుకులు తెస్తున్నంత సంబరంగా ఉంది.

సాయంత్రం మా ఇంట్లోనే ఉడకబెట్టి, ఆమె చెప్పినట్టే నానబెట్టాను. పొద్దున మూత తీస్తే తెల్లటి గింజలు సున్నానికి పసుపుపచ్చగా మారి, ఉబ్బి ఉన్నాయి. నీళ్లు చూస్తే చిక్కగా, జిగటగా, పచ్చగా. కడుపుతో ఉన్న పిల్లకు ఈ సున్నం నీళ్లతో పెడతానా? బియ్యమైనా పప్పైనా నీళ్లు తేటగా వచ్చేదాకా కడగనిదే మా ఇంట్లో పొయ్యెక్కదు. కడిగాను. మళ్లీ కడిగాను. చేతులు నొప్పి పుట్టేదాకా, గిన్నె అడుగు అద్దంలా కనిపించేదాకా కడిగాను. ఆ తర్వాత ఇండియా నుంచి సూట్‌కేస్‌లో బట్టలన్నీ తీసేసి మరీ తెచ్చుకున్న వెట్ గ్రైండర్‌లో వేసి, దోసెలకు పోసినట్టే నీళ్లు పోసి మెత్తగా రుబ్బాను.

తెల్లగా, నురగలా, చూడముచ్చటగా వచ్చింది. రొట్టె మాత్రం కాలేదు. చేతికి అంటుకుంటుంది తప్ప ముద్ద కట్టదు. అయినా పట్టుకెళ్లి చూపించాను. మరదలు గిన్నె మీదికి వంగి చూసి, "వాసన లేదు వదినా. ఏ వాసనా లేదు" అంది. ఈసారి ఏడవలేదు. దుప్పటి మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది.

ఫోన్‌లో వాళ్ల అమ్మ గిన్నె చూసి తల పట్టుకుంది. ఎన్నిసార్లు కడిగావని అడిగింది. లెక్క పెట్టలేదన్నాను. ఆమె ముందు గట్టిగా కేక వేసింది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. పైపైన ఒకటి రెండు సార్లు తొలిస్తే చాలట. ఆ జిగటే ముద్దను పట్టి ఉంచేదట, ఆ వాసనే అసలు రుచట. అంత కష్టపడి సంపాదించిన వాసనంతా నేను నా చేతులతోనే సింకులో పారబోశాను. నాకు నవ్వు రాలేదు. మర్నాడే డాక్టరమ్మ టెర్మిన్.

"అక్కా, ఇగ ఇడిసిపెట్టు. దవాఖానకే తీస్కపోదం" అన్నాడు తమ్ముడు.

"నువ్వు సప్పుడు చెయ్యకు. రేపు టెర్మిన్ ఎన్నిటికి?"

"పొద్దుమీకి."

"అయితే సాయంత్రందాకా టైముంది" అన్నాను. మిగిలిన మక్కలు, సున్నం, గ్రైండర్ అన్నీ మా ఇంటి నుంచి వాళ్లింటికి మోయించాను. ఈసారి అక్కడే ఉడకబెట్టాలని పట్టుబట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను. తప్పు జరిగితే దాని కళ్లముందే జరగనీ అనుకున్నానేమో.

సున్నం కలిపిన నీళ్లు మరిగి, మక్కలు పొంగడం మొదలైంది. వాన పడ్డ మట్టిగోడ దగ్గర నిలబడితే వచ్చేలాంటి వాసన వంటగది నిండా కమ్ముకుంది. కిటికీ తెరవబోతుంటే వెనక నుంచి చెయ్యి వచ్చి ఆపింది. మరదలు. ఎన్నాళ్లుగానో వంటగది గడప తొక్కని పిల్ల, గోడ పట్టుకుని నిలబడి, గిన్నె మీదికి వంగి గుండెల నిండా పీల్చింది.

"గిదే వదినా" అంది. "గిదే."

మర్నాడు పొద్దున గింజలు తొలిచింది కూడా తనే. నా చేతిని గిన్నె దగ్గరికి రానివ్వలేదు. కొళాయి తిప్పబోతే గద్దించింది. రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించడం తప్ప పోయనివ్వలేదు. గ్రైండర్ రాళ్లు మూలుగుతూ తిరిగాయి, ఆగిపోతాయేమోనని భయం వేసింది. గుప్పెడు గుప్పెడుగా వేస్తూ పోతే, చివరికి ముద్ద రాళ్లకు చుట్టుకుంటూ పైకి వచ్చింది. అక్కడ అర్ధరాత్రి దాటినా నిద్ర మానుకుని ఫోన్‌లో కూర్చున్న వాళ్ల అమ్మ ఆ రాళ్లను చూసి ఆశ్చర్యపోయింది. తమ అమ్మమ్మ కాలంలో రాతి మీదే నూరేవారట, ఇప్పుడు తమ ఇంట్లో కూడా రాళ్లు లేవట. నా గ్రైండర్ మీద నాకు పుట్టింటి మీద ఉన్నంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ముద్ద నా అరచేతిలోకి వచ్చింది. మెత్తగా, చల్లగా ఉంది. తట్టడం నాకు తెలిసిన పనే. జొన్నరొట్టె కన్నా సులువుగా సాగింది. పెనం మీద వేస్తే మధ్యలో బుడగలా ఉబ్బింది. అది చూసి ఫోన్‌లో ఆమె చప్పట్లు కొట్టింది. మరదలు వంటగది తలుపు పక్కన కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఉప్పు చల్లుకుని, చుట్ట చుట్టి, చిన్న ముక్క కొరికింది.

నేను రెండో రొట్టె పెనం మీద వేసి, అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తమ్ముడు బేసిన్‌తో గోడకు ఆనుకుని ఉన్నాడు. అది నమిలింది, మింగింది. గొంతు కదలడం కనిపించింది. ఇంకో ముక్క కొరికింది. ఇంకోటి. నిలువమ్మా, లోపల నిలువు అని నేను ఆ ముక్కలనే బతిమాలుకుంటున్నాను.

అంతలో అది చటుక్కున లేచింది. తమ్ముడు పరిగెత్తి బాత్రూమ్ తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ పిల్ల అటు పోలేదు. నా వైపు వచ్చి, నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, పెనం మీద పొగలు చిమ్ముతున్న రొట్టెను ఉత్త వేళ్లతో పట్టుకుని తిరగేసింది.

"మాడిపోతాంది వదినా! నా మొకంల ఏం జూస్తున్నవ్? రొట్టె జూడు" అంది, నోట్లో ముద్ద నములుతూనే.