మావయ్యగారు పైకి చదివిన మెయిలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఉందని నేను అనుకునేదాన్ని కాదు. నందిగామలో ఇంజనీరింగ్ చదివి, జగ్గయ్యపేటలో పెయింట్లు, హార్డ్‌వేరు అమ్మే ఇంటికి కొత్తగా కోడలినయ్యాను. "మా కోడలు ఇంజనీరండీ, కొట్టుకి వెబ్‌సైటు తనే చేస్తది" అని మావయ్యగారు గరికపాడు చెక్‌పోస్టు దాకా చాటింపు వేశారు. నేను చదివింది సివిలని నోరు విప్పలేదు (విప్పి ఉంటే ఇంత పరువు పోయేది కాదు).

వెబ్‌సైటు పెట్టుకోడానికి నెట్‌లో చోటు, అదే హోస్టింగ్, కొన్నాం. కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే అన్నీ బొమ్మలే. ఏది నొక్కితే ఏమవుతుందో ఆ దేవుడికే ఎరుక. పక్కన మావయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు కాబట్టి, అన్నీ తెలిసినట్టు నొక్కుకుంటూ పోయాను.

"ఇదేంటమ్మాయ్?"

"మెయిళ్లండీ. కొట్టు పేరు మీద ఎన్ని అడ్రసులైనా పెట్టుకోవచ్చు."

"పెట్టు. కానీ కొట్టు పేరున వచ్చే ఉత్తరం ఏదైనా ముందు నేను చూడాలి. మా నాన్న హయాం నుంచీ అంతే."

"అదెంతసేపండీ!" అని, ఏ అడ్రసుకు మెయిలొచ్చినా ఒక కాపీ ఆయన ఫోనుకు వెళ్లేలా పెట్టేశాను. తర్వాత, దర్జాగా ఉంటుందని నా పేరుతోనూ ఒక అడ్రసు చేసుకుని, నందిగామలో ఉన్న చెల్లికి ఆ అడ్రసు పంపాను. ఆ ఏర్పాటు నాకూ వర్తిస్తుందని తడితే నేను నేనెందుకవుతాను!

మర్నాడు కొట్టు నిండా జనం. మావయ్యగారి ఫోను టింగుమంది. ఆయనేమో ఏ ఉత్తరమొచ్చినా పైకి చదివే మనిషి. "చూశారా, అమ్మాయి పెట్టిందానికి తొలి మెయిలు!" అంటూ కళ్లజోడు తగిలించారు. నేను పొగడ్తల కోసం కొంగు సర్దుకున్నాను.

"అక్కా, మీ జైలరుగారు ఏసీ పెట్టించారా, ఇంకా కరెంటు బిల్లు చూసి ఏడుస్తానే ఉన్నారా..."

గుమాస్తాకి ఎక్కడలేని దగ్గు వచ్చింది. రంగు డబ్బాల కోసం వచ్చిన మేస్త్రి పాపం తెలియక, "జైలరెవరండీ?" అన్నాడు.

మావయ్యగారు కళ్లజోడు తీసి మడిచారు. "నేనేలే" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పేరు పెట్టింది చెల్లి కాదు, నేనే. అది ఆయనకీ అర్థమైపోయింది.

సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే తలెత్తలేకపోయాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ మెల్లగా అన్నారు. "ఇక్కడ ఉక్కపోస్తే నందిగామకి చెప్పడమెందుకమ్మా? పక్కగదిలోనే ఉంటిని గదా."

తిట్టినా బాగుండేది. ఆ వారంలోనే మా గదికి ఏసీ వచ్చింది.

ఇప్పుడు ఆ ప్యానెల్‌ని కళ్లు మూసుకుని నడుపుతాను. నా అడ్రసు మీది కాపీ ఏర్పాటు మాత్రం తీయలేదు. చెల్లి ఇప్పటికీ ప్రతి మెయిలూ "మావయ్యగారు కులాసానా" అని మొదలుపెడుతుంది. ఆయన కొట్లో పైకి చదివి, "కులాసాయేనని రాయమ్మాయ్" అంటారు. కొంగు సర్దుకున్న ఆ కొత్త కోడలు గుర్తొచ్చి, రాత్రి మా గదిలో అంత చల్లటి ఏసీలోనూ నా చెవులు వేడెక్కుతాయి.