రాముడి గంట

మలయా రబ్బరు తోటలో స్వాతంత్ర్య దినమైన మెర్డెకా పండుగ నాటి ఎడ్లబండ్ల పందెంలో ఎవరు ఎవరికి అడ్డొచ్చారో తేల్చేది మలుపులో నిలబడే సింహాద్రి తాతే. తీర్పుకు ముందు ఫిర్యాదుదారు చేత ఎదుటివాడి ఎద్దుకు నీళ్లు పెట్టించడం ఆయన పద్ధతి. కోపం చల్లారుతుందట. తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీలో కూలీల ఇళ్ల చుట్టూ కంచెలు వేశాక మేతకు చోటులేక ఆయన అమ్ముకున్న ఎద్దు రాముడు, ఈసారి మణియం బండి లాగుతూ అచ్చయ్య బండికి అడ్డం తిరిగాడు.

“నిన్ను సూసే తిరిగినాడు తాతా, నేనేటి సేసేది లా?” అన్నాడు మణియం, మలయా వాళ్ల అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి.

రాముడికి బొక్కెన పట్టిన అచ్చయ్య నవ్వేశాడు. గంగడోలు నిమరబోయిన తాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అడ్డొచ్చింది నేనేరా. మలుపులో ఇంకొకడిని నిలబెట్టి మళ్లీ తోలండి.”

బండ్లు కదిలే వేళకు ఆయన ఎద్దుకు కనబడకుండా రబ్బరు కొట్టం వెనక్కి వెళ్లి, అన్ని మెడగంటల్లోనూ రాముడి గంటను పోల్చుకుంటూ నిలబడ్డాడు.