చంద్రమండలం మీద వన్స్ మోర్

నిన్న పక్కింటివాళ్లు అటక మీది పాత హార్మోనియం దించి దుమ్ము దులిపారు. వాళ్ల పాప మెట్లేవీ నొక్కకుండా వెనక తిత్తిని ఊరికే ఆడిస్తోంది. ఉస్... ఉస్... అని గాలి. పాట లేదు, శ్రుతి లేదు, ఒట్టి ఊపిరి. కాఫీ గ్లాసు పట్టుకొని వాకిట్లో అట్లాగే నిలబడిపోయాను. ఎనభైకి దగ్గరపడినదాన్ని. టెలివిజన్‌కు ఏళ్ల తరబడి గ్రహాల కథలు, రాకెట్ల కథలు రాశాను. కలిసిన ప్రతివాడూ ఏ దేశపు పుస్తకాలు చదివి నేర్చుకున్నారని అడిగేవాడు. పుస్తకాలా, నా మొహమా! నేను నేర్చుకున్నది ప్రొద్దుటూరులో, ఓబులమ్మక్క దగ్గర. ఆవిడ చంద్రమండలానికి పోలేదు. పులివెందుల దాకా పోయింది, అంతే.

ఓబులమ్మక్క నాటకాల మనిషి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సొంత సమాజం నడిపేది, కథానాయిక వేషం తనే కట్టేది. మా వైపు పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అంటారు. అన్నాక పాడి తీరాల్సిందే, ఆ పాత్ర చచ్చిపోయినా సరే. ఒకసారి ఆవిడ విషం తాగి పడిపోయి, వన్స్ మోర్ అనగానే చీర సర్దుకొని లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయింది. మూడోసారి లేస్తూ "ఈసారన్నా సావనియ్యండి నాయనా" అంటే ఈలలతో పందిరి దద్దరిల్లింది. పొట్ట పట్టుకొని నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

మా నాయన ఆ సమాజానికి దుస్తులు కుట్టే దర్జీ. నేను ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్నాను. ఓబులమ్మక్కకు చదవడం వచ్చుగానీ రాయాలంటే విసుగు. తను చెబుతుంటే రాసిపెట్టమని నన్ను పిలిపించింది. సరిగ్గా ఆ ఏడే ఆవిడ గొంతు చెడింది. కింద బాగానే ఉంటుంది, పైస్థాయికి పోతే జీరబోయి పగిలిపోతుంది. నాటకాలు కుదిర్చే కంట్రాక్టరు సుబ్బన్న మొహం మీదే చెప్పేశాడు, వేషం కొత్తపిల్లకిచ్చి నువ్వు తెర వెనక కూర్చోమని. ఇరవై ఏళ్లు రంగస్థలం మీద బతికిన మనిషికి అంతకంటే చావు లేదు. ఆవిడ ఏడవలేదు. పత్రికలో రాకెట్టు బొమ్మ చూపించి, "దేవతల నాటకంలో పద్యాలెన్నో అందరికీ తెలుసు. చంద్రమండలం నాటకంలో ఎన్నుండాలో ఎవునికి తెలుసుమే?" అంది. ఆ తెలివికి నేను నోరు తెరిచాను.

పత్తి మిల్లు పక్క గోడౌనులో పని మొదలైంది. కథ ఇది: తల్లీ కూతురూ రాకెట్టులో చంద్రుడి మీదికి పోతారు. తల్లి కిందికి దిగుతుంది. ఆమె నడుముకు కట్టిన తాడు గుండానే రాకెట్టుకు మాటలు వస్తాయి. తాడు తెగిపోతుంది, రాకెట్టులో గాలి అయిపోవస్తుంది, కూతురు తల్లిని వదిలేసి బయలుదేరక తప్పదు. అప్పుడు తల్లి పాడే పద్యం ఒక్కటే నాటకం మొత్తానికి. కూతురి వేషం నాది. నేను సినిమా ఫక్కీలో పేజీలకు పేజీలు మాటలు రాసుకుపోతే, ఆవిడ కాగితం లాక్కొని తన కింద వేసుకొని కూర్చునేది. "ముందు నోరు మూసుకొని ఆడు. చూసేటోనికి తెలీకుంటే, అప్పుడు రాయి మాట." అట్లా ఆడి చూస్తే నా మాటల్లో ముప్పాతిక దండగని తేలేది. కోపం వచ్చేది, మళ్లీ రాసేదాన్ని. మా నాయన తెల్ల కాన్వాసు గుడ్డతో చంద్రలోకపు దుస్తులు కుట్టాడు. బావి చేంతాడుకు సున్నం కొట్టాం. వెదురు తడికలకు వెండికాగితం అంటిస్తే రాకెట్టయింది. ఆ రోజుల్లో నాకు అన్నం కూడా సయించేది కాదు, అంత సంబరం!

మొదటి ఆట జమ్మలమడుగులో. రాకెట్టు లేచేసరికి చప్పట్లే చప్పట్లు. కానీ చివరి పద్యంలో ఓబులమ్మక్క పైస్థాయి అందుకోబోయింది, గొంతు పగిలింది. ఎవరో నవ్వారు, ఆ నవ్వు పందిరంతా పాకింది. రాకెట్టులో కూర్చుని నేను నిజంగానే ఏడ్చాను. సుబ్బన్న వచ్చి, పులివెందుల తిరునాళ్లలో కూడా ఇట్లాగే అయితే ఆపై ఆట నుంచి కొత్తపిల్లే కడుతుందని చెప్పి పోయాడు.

మరునాడు బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడి ఇటు తిప్పుకోవాలని, చంద్రుడి మీద గాలి లేదట అక్కా, గాలి లేకుంటే శబ్దమే పుట్టదని బడిలో చెప్పారు అన్నాను. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"అంటే ఆడ ఎవురి గొంతూ ఇనపడదా?"

"ఎవరిదీ వినపడదక్కా."

"కోకిల గొంతుగూడా?"

"ఏ గొంతైనా అంతే."

"ఓసి నీ పాసుగూల! ఈ మాట ముందే చెప్పకుండా ఏం చేస్తాండావుమే ఇన్నాళ్లూ?" అని వేరుశనగ మూటల మధ్య లేచి నిలబడింది. చెవి దగ్గర చెయ్యిపెట్టి, నోరు తెరిచి, నిశ్శబ్దంగా పద్యం ఎత్తుకుంది. కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి చూస్తున్నాడు.

చిక్కంతా హార్మోనిస్టు మస్తాన్ మామతో వచ్చింది. ఆయన కమ్మగా వాయిస్తాడు, కానీ ఓబులమ్మక్క చెయ్యి చెవి దగ్గరికి పోతే చాలు, వేళ్లు వాటంతటవే శ్రుతి నొక్కేస్తాయి. ఎన్నిసార్లు చెప్పినా అంతే. చివరికి వేళ్లు మడుచుకొని పట్టుకున్నాడు గానీ తిత్తి ఆడించే చెయ్యి మాత్రం ఆగలేదు. ఉస్... ఉస్... తిడదామని నేను నోరు తెరిస్తే ఆవిడ ఆపింది. ఉండనీమే, అది నా ఊపిరి అంది.

పులివెందులలో గొంగళ్లు పరుచుకొని జనం కిక్కిరిసి కూర్చున్నారు. తాడు తెగింది. అంతకు ముందే కూతురిగా నేను, అక్కడ గాలి లేదు, తాడు పోతే మాట పోతుందని ఒక్క ముక్క చెప్పి ఉన్నాను. ఓబులమ్మక్క చెవి దగ్గర చెయ్యి పెట్టింది. నోరు కదులుతోంది, మెడ నరాలు తేలుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. మస్తాన్ మామ తిత్తి ఉస్సుమంటోంది. "పద్యం యాడికి పోయింది?" అని ముందు వరసలో ఒకడు అరిచాడు. అతని పక్కనున్న ముసలాయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఉండప్పా. ఆయమ్మ పాడతానే ఉండాది. ఆడ గాలి ల్యాక మనకు రాల్యా."

ఆ మాట వరసల వెంట గుసగుసగా పోయింది. తర్వాత చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. పద్యం ఎక్కడ విరగాలో, రాగం ఎక్కడ తియ్యాలో వాళ్లకు తెలుసు. ఆవిడ చెయ్యి పైకి లేచినప్పుడు వాళ్ల తలలు లేచాయి, దిగినప్పుడు దిగాయి. ఆవిడ నోరు మూసింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత పందిరంతా ఒక్క గొంతుతో అరిచింది: "వన్స్ మోర్!"

వినపడని పద్యానికి వన్స్ మోర్! ఓబులమ్మక్క నింపాదిగా వచ్చి, తెగిన చేంతాడు ముడివేసి, మళ్లీ తెంపుకొని, మళ్లీ పాడింది. తెర పడగానే సుబ్బన్న పరుగున వచ్చి, ఆ పద్యమే మైదుకూరులో కూడా పాడతావా అమ్మా అని అడిగాడు. కొత్తపిల్ల ఊసే లేదు. నేను ఆవిడను గట్టిగా కావలించుకొని, అంతసేపు ఏం చేశావక్కా, ఊరికే నోరు కదిపావా అన్నాను.

"పాడినానుమే లోపల. పైస్థాయి గూడా అందింది," అంది. చెమటా కన్నీళ్లూ కలిసి రంగు కారిపోతున్నా తుడుచుకోలేదు.

ఎన్నో ఏళ్లకు నా మొదటి సీరియల్లో శబ్దం లేని సన్నివేశం ఒకటి పెడితే, జనం టీవీ చెడిపోయిందనుకుంటారని పైవాళ్లు గొడవ చేశారు. పులివెందుల జనం అనుకోలేదు, వీళ్లూ అనుకోరని మొండికేశాను. ఇప్పటికీ ఏదన్నా రాయాలంటే తలుపేసుకొని, నోరు మూసుకొని, ముందు ఆడి చూస్తాను. మా ఇంట్లోవాళ్లు అలవాటు పడిపోయారు.

నిన్న పాప కాసేపటికి విసుగొచ్చి తిత్తి వదిలేసింది. నేను గోడ మీదుగా వంగి, "వన్స్ మోర్!" అన్నాను. ఏమీ వాయించలేదు కదా అవ్వా అని పాప తెల్లబోయింది. నువ్వు వాయించావు, నేను విన్నాను, మళ్లీ కానివ్వు అన్నాను.