బర్రెల కొట్టానికి మిల్లు కమాను

మా బాపు మూసీ ఒడ్డున ఉన్న నూలు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. నాకు సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆ మిల్లు మూతపడింది. అప్పటికే నదిలో నీళ్లకన్నా మురుగే ఎక్కువ పారేది. మిల్లు నడిచినన్నాళ్లూ ఆ వాసన ఎవరికీ తెలిసినట్టు లేదు. మూతపడ్డాక మాత్రం కిషన్‌బాగ్‌లో అందరూ ముక్కు మూసుకోవడం మొదలుపెట్టారు.

మిల్లుకు నిజాం కాలంనాటి ఇటుక దర్వాజా ఉండేది. సన్నటి ఇటుకలు, నడుమ సున్నం, పైన దూది మోపుల బండి పోయేంత ఎత్తున కమాను. రోజూ దాని కిందనుంచే పోయివచ్చిన బాపు ఒక్కనాడూ దాని గురించి మాట్లాడగా నేను వినలేదు. స్థలం కొన్న కాంట్రాక్టరు దాన్ని కూలగొడుతున్నాడని తెలిశాక ఇంట్లో ఇక వేరే ముచ్చట లేదు. అన్నం ముందూ అదే, అన్నం తరవాతా అదే.

ఒక ఆదివారం బాపు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. "ఆ ఇంజినీరు మాట నాకు సమజైతలేదు బిడ్డా. నువ్వు ఆఫీసుల గా తెలుగు మాట్లాడ్తవు గద" అన్నాడు.

ఇంజినీరు కోస్తా వైపునుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మర్యాదస్థుడే. నాకు కుర్చీ వేయించాడు.

"ఈ ఆర్చి ఉంటే లారీలు లోపలికి రావండీ. పైగా మీ పాతబస్తీ ఇటుకలు బిస్కెట్లలా ఉన్నాయి. వీటితో మాకేం ప్రయోజనం చెప్పండి" అన్నాడు.

"ఏమంటుండు?" అని బాపు నన్నడిగాడు.

"లారీలు రావట."

"గింత సేపు మాట్లాడి గంతేనా? పక్కకెల్లి తొవ్వ చేసుకోమను. గీ కమాను మా దిక్కుది. గిసొంటిది మళ్ల కట్టెటోడు లేడని చెప్పు."

"నాన్నగారేమంటున్నారు?" అని ఇంజినీరు అడిగాడు.

ఇద్దరూ మాట్లాడేది తెలుగే. నడుమ నేను తెలుగును తెలుగులోకి మార్చి చెబుతూ కూర్చున్నాను. ఆఫీసులో నేను 'వచ్చిన' అంటే 'వచ్చాను అనండి' అని దిద్దే సూపరింటెండెంటు ఉండేవాడు. ఇంట్లో 'వచ్చాను' అంటే, పెద్ద దొరసాని అయిందని అమ్మ నవ్వేది. రెండు దిక్కులా మాట పడేది నేనే. ఆదివారం పూట కూడా ఇదే ఖర్మా అని ఒళ్లు మండిపోయింది. చివరికి ఇంజినీరు, "కూలగొట్టాక ఇటుకలు కావాలంటే తీసుకెళ్లమనండి" అన్నాడు. ఆ ఒక్క ముక్క మాత్రం బాపుకు నా సాయం లేకుండానే అర్థమైంది.

ఆ వారమే దర్వాజా నేలమట్టమైంది. మిల్లులో ఫిట్టరుగా చేసిన భాయ్ ఒకాయన తోపుడు బండి తెచ్చాడు. బాపు, ఆయన ఇద్దరూ ఇటుకలకంటిన సున్నం గీకి, బండికెత్తి తెచ్చి మా వాకిట్లో పేర్చారు. బావి దగ్గర ఇటుకలు, తులసి చుట్టూ ఇటుకలు, నా సైకిలు పెట్టుకునే చోటా ఇటుకలే. చీర కుచ్చిళ్లకు ఎర్రటి దుమ్ము అంటుకోకుండా ఆఫీసుకు పోయిన రోజు లేదు.

"ఇంట్ల మనుషులు ఉండాల్నా, ఇటుకలు ఉండాల్నా?" అని అమ్మ అడిగేది.

"జర ఓపిక పట్టు" అనేవాడు బాపు.

"ఏం కడ్తవు వీటితోటి?"

"సూస్త."

భాయ్ మాత్రం, "ఫికర్ మత్ కరో భాభీ, ఏదో ఒకటి అయితది" అని చాయ్ తాగి పోయేవాడు.

వానలు మొదలయ్యాక ఆ ఇటుకల సందుల్లోంచి తేళ్లు రాసాగాయి. ఒకటి అమ్మ చెప్పులో దూరింది. అదే వానకు మా పక్కింటి అత్తవాళ్ల బర్రెల కొట్టం ముందుగోడ పడిపోయింది. అత్త భర్త పోయాక ఆ బర్రెల పాల మీదే కొడుకును పెంచింది. సిమెంటు పర్మిట్ మీద తప్ప దొరకని రోజులవి. బాపు ఇంట్లో లేని సమయం చూసి అమ్మ ఆమెను పిలిచి, "వదినె, ఈ ఇటుకలన్నీ తీస్కపో, నీకు పుణ్యముంటది" అంది. అత్త, ఆమె కొడుకు, నేను, ముగ్గురం సాయంత్రానికల్లా మోసేశాం. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

బాపు వచ్చి ఖాళీ వాకిలి చూశాడు. అరుస్తాడనుకున్నాం. వచ్చిన కాళ్లతోనే మిల్లు దిక్కు పోయి చాలాసేపటికి వచ్చాడు. పొద్దున లేచేసరికి భాయ్‌ని తోడు తీసుకుని అత్త కొట్టం ముందు నిలబడి ఉన్నాడు.

"గట్ల పెట్టకు. మొదలు ఇటుక తడుపు" అని ఆమె కొడుకుకు చెబుతున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. బర్రెలు పోయే తొవ్వ మీద కమాను కడతానని పట్టుబట్టాడు. బాపు బాయిలర్ మనిషి, భాయ్ ఫిట్టరు. ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ తాపీ పట్టినవారు కాదు. మొదటిసారి కట్టింది, కిందపెట్టిన చెక్కలు తీయగానే కూలింది. రెండోది నిలిచింది గానీ ఒక పక్కకు వంగి, పైకిపోయేకొద్దీ మరీ సన్నబడింది. పెద్ద బర్రె దాని ముందుకు వచ్చి కొమ్ములు పట్టక నిలబడిపోయింది. దాని వెనక తక్కినవన్నీ ఆగిపోయాయి.

"ఓ అన్నా, నేను గోడ అడిగిన గని దర్వాజా అడిగిన్నా?" అని అత్త లొల్లి పెట్టుకుంది.

"తల జర పక్కకు తిప్పితే పోతది" అన్నాడు బాపు.

"ఎవరు తిప్పాలె? నువ్వు తిప్పుతవా రోజు?"

తిప్పాడు. ఆ వానాకాలమంతా పొద్దునా సాయంత్రం పోయి, బర్రె మెడ మీద చెయ్యి వేసి, తలను పక్కకు వంచి లోపలికి పంపించి వచ్చేవాడు. నేను ఆఫీసుకు బయలుదేరేటప్పుడు సందు జనమంతా ఆ తమాషా చూస్తుంటే, ఎవరి బాపో అన్నట్టు తల దించుకుని నడిచేదాన్ని. ఉద్యోగం పోయిన మనిషికి ఇదొక డ్యూటీ అయిందని అమ్మ తల పట్టుకుంది. కానీ మిల్లు మూతపడ్డాక పొద్దెక్కేదాకా పడుకునే మనిషి ఆ పనికోసం పొద్దున్నే లేస్తున్నాడని మొదట గమనించిందీ ఆమే. ఆ తరవాత ఆయన్ను తిట్టడం తగ్గించింది.

కొన్నేళ్లకు సిమెంటు సులువుగా దొరకసాగింది. అత్త కొడుకు ఇనప చువ్వలు తెచ్చి, కమాను తీసేసి చదరంగా కడతానన్నాడు. మాకందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. అత్తే అడ్డం పడింది.

"వద్దురా. తల తిప్పుకొని పోవుడు బర్రెకు అలవాటైంది. ఇప్పుడు మారిస్తే బెదిరి పాలియ్యదు."

"అమ్మా, బర్రెకు అలవాటైందా, నీకైందా?"

"నాకేం అలవాటు. జెల్ది చువ్వలు వాపస్ ఇచ్చి రా" అని ఆమె పాలు పిండటానికి కూర్చుంది. గోడ అవతలనుంచి ఇదంతా విన్న బాపు నన్ను పిలిచి, కమాను ఒక పక్క ఇటుక వదులైందట, పోయి అత్తను సున్నం తడిపి పెట్టమని చెప్పమన్నాడు. మళ్లీ నడుమ నేనెందుకని పోనన్నాను. ఆయనే పోయాడు.