శాలువా కప్పితే సన్మానమనుకున్నాను

గుమాస్తా ఉద్యోగం మానేసి, వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిస్తూ బతకాలనుకున్న రోజులవి. పద్మారావు నగర్‌లో ఒక కాలనీ సంఘం వారు వార్షికోత్సవానికి నన్ను వక్తగా పిలిచారు. సికింద్రాబాద్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఒక పెద్దమనిషిని బతిమాలి వెంట తీసుకెళ్లాను. నా ఉపన్యాసం నచ్చితే తన దగ్గర క్లాసులిస్తానన్నాడాయన.

సభాభయం పోగొట్టుకోవడం ఎలాగో చెబుతూ మంచి ఊపు మీదున్నాను. ఇంతలో సంఘం కార్యదర్శి వేదికెక్కి నా భుజాల మీద శాలువా కప్పాడు. చప్పట్లు మోగాయి. ప్రసంగం పూర్తి కాకుండానే సన్మానమా అని పొంగిపోయి, అందరికీ నమస్కరించి, రెట్టించిన ఉత్సాహంతో మళ్లీ అందుకున్నాను.

కార్యదర్శి మైకు లాక్కున్నాడు.

"శాలువా కప్పినమంటే అయిపోయినట్టే సార్! ఎమ్మెల్యే గారొచ్చిన్రు, జెర దిగుండ్రి!"

హాలంతా గొల్లుమంది. ఆ చప్పట్లు కూడా పక్క గుమ్మంలోంచి వస్తున్న ఎమ్మెల్యేకేనట! నేను తీసుకెళ్లిన పెద్దమనిషి అందరికన్నా గట్టిగా నవ్వాడు. బయటికొచ్చాక, "ఎక్కడ ఆపాలో తెలియనివారు క్లాసేం చెప్తారండీ?" అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు. మళ్లీ గుమాస్తాగానే చేరాను.

ఆ కార్యదర్శి ఇప్పటికీ మెట్టుగూడ బస్టాపులో ఎదురుపడితే, "ఏం సార్, మాట్లాడకుండనే పోతున్నరేంది?" అని పలకరిస్తాడు. నా నోరు మూయించింది తనేనని ఆయనకు గుర్తే లేదు. జరిగిన అవమానం కన్నా అదే నన్ను ఎక్కువ మండిస్తుంది.